మందు లేదన్న మాట

ఆకు ముందు కూర్చున్న గిరిజ, అన్నం వడ్డించబోతున్న గరిటెకు చెయ్యి అడ్డం పెట్టి, "ఇందులో మందుండాదా?" అని అడిగింది.

వడ్డిస్తున్నది కనగం. హోటలు నడిపే దేవరాజన్ భార్య. ఈ ఊళ్ళో చాలామందిలాగే తమిళావిడ. చెంగు నడుముకు బిగించి, ముఖం చిట్లించుకునే ఉండే మనిషి. "వాకిట్లో బోర్డు కనపడలేదా? మందు లేదు. చెయ్యి తియ్యి, నీ వెనక పదిమంది ఉండారు" అని కసురుకుంది.

గిరిజ చెయ్యి తీసింది. ఎర్రటి లావు అన్నం ఆకులో పడింది. ఆ పిల్ల సాంబారు కలుపుకుని తిన్నది. మళ్ళీ వేయించుకుని తిన్నది. పక్క ఆకు ముందు కూర్చున్న నేను నా అన్నం కలుపుకోవడం కూడా మర్చిపోయాను. మూడు నెలల్లో ఆమె కడుపు నిండా తిన్న మొదటి భోజనం అది.

గిరిజ నా చెల్లెలి కూతురు. చెల్లెలు పురిట్లోనే పోయింది. అప్పటికి మా ఆయన పని కోసం సైగాన్ ఓడ ఎక్కి నాలుగేళ్ళు. రెండు ఉత్తరాలు వచ్చాయి, తరవాత అవీ లేవు. పెద్ద బజారు వెనక సందులో మా మరిది వాళ్ళ ఇంట్లో నాకొక గది ఉండేది. ఆ గదిలోనే పిల్లను పెంచాను. పోయేవాళ్ళను ఆపడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ఉన్నవాళ్ళకు అన్నం పెట్టడం ఒక్కటే చేతనైంది. అందుకే, గిరిజ అన్నం ముట్టుకోవడం మానేసినప్పుడు నాకు ఇంకేం చెయ్యాలో తోచలేదు.

ఆమెను బాహూరులో ఇచ్చాం. మావాళ్ళే, ఇంట్లో తెలుగే. చెరువు కింద వరి పొలం. అల్లుడు బాలకృష్ణన్ నెమ్మది మనిషి. ఎనభై రెండో సంవత్సరం కార్తికంలో వానలు పట్టుకున్నాయి. అతనికి జలుబు, దగ్గు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. మధ్యాహ్నం గిరిజ పెరట్లో వడ్లు తడవకుండా గోనెలు కప్పుతూ, లోపల దగ్గు విని, "గూట్లో మందుండాది, రెండు మూతలు తాగి పడుకో" అని కేకేసింది. డాక్టరిచ్చిన దగ్గు మందు ఆ గూట్లోనే ఉంది. కానీ ఆ ఉదయం పక్క పొలం ఆయన, వీళ్ళ దగ్గర తీసుకున్న పురుగుల మందు మిగిలితే, ఒక టానిక్ సీసాలో పోసి తెచ్చి అదే గూట్లో పెట్టిపోయాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. వాన చీకటి. జలుబుతో ముక్కు మూసుకుపోయి అతనికి వాసన తెలియలేదు. రెండు మూతలే తాగాడు. ఆస్పత్రి బండి చెరువు కట్ట దాటక ముందే ప్రాణం పోయింది.

మనిషి ఒంటికి వేసుకునేదీ మందే, పైరుకు కొట్టేదీ మందే. తమిళంలో చెప్పినా అంతే, రెండింటినీ మరుందు అనే అంటారు. పోలీసులు రాసుకుని పోయారు. అత్త రంగమ్మాళ్ మాత్రం ఒకటే మాట పట్టుకుంది: "నా కొడుకును మాటతో చంపింది." పదహారో రోజు అయ్యాక నేను పోయి గిరిజను తీసుకొచ్చాను.

ఇంటికి వచ్చిన మర్నాడే మొదలైంది. పళ్ళెంలో అన్నం చూసి, "ఇందులో మందుండాదా పెద్దమ్మా?" అంది. నాకు అర్థం కాలేదు. పొలంలో కొట్టిన మందు గింజలోకి దిగుతుందట, ఉడికించినా పోదట. ఎవరు చెప్పారో! నేనూ మా మరిది కొట్లో పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువుకున్నదాన్ని. అట్లాంటి రాత ఎక్కడో చూసి నేనే ఆమెకు ఎప్పుడో చెప్పానేమోనని భయం వేసింది. ఆ భయం ఇప్పటికీ పోలేదు. "లేదే తల్లీ" అంటాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటుంది, పెరట్లోకి పరుగెత్తుతుంది. మెడ ఎముకలు బయటపడ్డాయి. రవిక చేతులు వదులై మోచేతి దాకా జారేవి. డాక్టరు పొట్టంతా నొక్కి చూసి, "లోపల ఏ జబ్బూ లేదు, తినిపించండి" అన్నాడు. "ఇట్లాగే ఉంటే ఎండాకాలం దాటదు" అని నాతో విడిగా అన్నాడు.

మా మేడ మీద గదిలో సత్తిరాజు అని యానాం ఆయన అద్దెకుండేవాడు. సర్కారు ఆఫీసులో ఉద్యోగం. భార్యాబిడ్డలు యానాంలో. ఆయనే హోటలు సంగతి చెప్పాడు.

"పిన్నిగారూ, వైతికుప్పం పోయే దారిలో ఒక భోజనం హోటలుందండి. మందు కొట్టని బియ్యమంట. కాలాపేట వైపు ఎర్రమట్టి దిబ్బల మీద తెల్లవాళ్ళు కొంతమంది పొలం చేస్తన్నారు కదండీ, అక్కడ పండిందంట. ఎరువు కూడా పేడేనంట."

"నువ్వు తిన్నావా అయ్యా?"

"వారానికి రెండుసార్లండి. నమల్లేక దవడలు పీకేస్తాయనుకోండి. అయినా అదో తృప్తి."

"ఏంది ఆ తృప్తి?"

ఆయన తల గోక్కున్నాడు. "మా చేలో మా నాన్న పంటకి నాలుగుసార్లు మందు కొట్టిస్తాడండి. ఆ బియ్యమే తిని పెరిగాను. ఇంట్లో ఒక్కనాడూ అడగలేదు. అడిగితే మా ఆవిడ గరిటిచ్చుకు కొడద్ది. ఇక్కడ పరాయి ఊరు, పరాయి చేతి వంట. నా తిండి గురించి ఎవరో అంత ఇదిగా పట్టించుకున్నారంటే, ఎలా చెప్పనండీ, నేనూ ఒక మనిషినే అనిపిస్తది."

అట్లా మొదలైంది మా హోటలు భోజనం. చలి తగ్గే మాసి నెల నుంచి రోజూ పన్నెండు గంటలకు ఇద్దరం గొడుగేసుకుని పోయేవాళ్ళం. మా మరిది భార్య, "ఇంట్లో కుండలు పగిలినాయా అక్కా, ముసలితనంలో హోటలుకు మరిగినావు" అని దెప్పేది. దెప్పనీ అనుకున్నాను.

వాకిట్లో నల్లబోర్డు మీద సుద్దతో తమిళంలో రాసి ఉండేది, మందు వేయని బియ్యం అని. వచ్చేవాళ్ళందరికీ చదువొచ్చు. అయినా కూర్చున్న ప్రతివాడూ ఒకసారి నోటితో అడిగేవాడు. బీడీ మీద బీడీ కాల్చే మేస్త్రీ అడిగేవాడు. ఇంటి నుంచి ఊరగాయ సీసా తెచ్చుకునే బడిపంతులమ్మ అడిగేది. ఆ ఊరగాయలో మిరపకాయలకు ఎవరేం కొట్టారో ఆవిడ ఎప్పుడూ తలుచుకున్నట్టు లేదు. ఇంటి తిండిని ఎవరూ అనుమానించరు. బయట ఆకు ముందు కూర్చున్నప్పుడే మనిషికి ఒక్కసారిగా ప్రాణం మీద తీపి పుడుతుంది. ముక్కూ మొహం తెలియని చెయ్యి పెట్టేది మింగాలి కదా. ఆ చెయ్యి నోరు విప్పి భయం లేదని ఒక్క మాట చెబితే చాలు. వాళ్ళు అడిగేది బియ్యం గురించి కాదని నాకు మెల్లగా తెలిసింది.

కనగం ఒకరికి చెప్పిన జవాబు ఇంకొకరికి చెప్పేది కాదు. "మందు కావాలంటే ఆస్పత్రికి పో" అనేది ఒకరితో. "వేద్దామంటే మిగల్లేదు, పొద్దున వచ్చినోడు తాగేసినాడు" అనేది ఇంకొకరితో. ఒకరోజు పక్క సారాయి కొట్టు నుంచి ఒకాయన తూలుతూ వచ్చి, గంభీరంగా, "మందు లేని అన్నమేనా?" అన్నాడు. సత్తిరాజు నా వైపు వంగి, "చూశారా పిన్నిగారూ, మందు కొట్టి వచ్చి, మందు కొట్టని అన్నం అడుగుతన్నాడు" అన్నాడు.

గిరిజ నవ్వింది. ముక్కులోకి సాంబారు పోయి దగ్గుతూ నవ్వింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, కారం అని తుడుచుకున్నాను.

ఎండలు ముదిరే చిత్తిరై నెల నాటికి ఆమె చెంపలు కాస్త నిండాయి. ఇక ఇంట్లో కూడా తింటుందనిపించింది. దేవరాజన్‌ను బతిమాలి అదే బియ్యం రెండు పడులు కొలిపించుకుని తెచ్చుకున్నాను. గిరిజ ఎదురుగానే మూట విప్పి వండి పెట్టాను. ఆమె ముద్ద కలిపి, చేతిలో పట్టుకుని కూర్చుంది.

"ఇది ఆ బియ్యమేనే. నీ కళ్ళ ముందరే కదా విప్పినాను."

"తెలుసు పెద్దమ్మా. మందుండాదా?"

"లేదే నా తల్లీ."

ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. "ఉన్నా లేదనే చెప్తావు నువ్వు."

"నీకు అబద్ధం చెప్తానా నేను?"

"చెప్తావు. నేను బతకాలని చెప్తావు. ఆ హోటలామెకు నేనెవరు? నేను తింటే ఏంది, చస్తే ఏంది? అందుకే ఆమె చెప్తే నమ్మబుద్ధి అవుతాది."

నాకు కోపం రావలసింది. రాలేదు. సరే, ఆ కసురే నీకు అన్నమైతే రోజూ తీసుకుపోతాను అనుకున్నాను.

మన ఆషాఢం వేళ, ఆడి నెల మొదట్లో ఒకరోజు, గిరిజ పెరట్లో చెయ్యి కడుక్కుంటుండగా, దేవరాజన్ నన్ను పక్కకు పిలిచాడు. పొట్టిగా, ఎప్పుడూ చెమటతో ఉండే మనిషి. నా ముఖం వైపు చూడలేకపోతున్నాడు.

"అమ్మా, పెద్దవాళ్ళు, మీకు దాచకూడదు. దిబ్బ మీద బియ్యం అయిపోయి నెల దాటింది. మళ్ళీ తై నెలకు, సంక్రాంతికి గానీ రాదు. అదే రకం చూసి బయట తెచ్చి వండుతున్నాను. నాకు నిద్ర పట్టడం లేదు. రేపు బోర్డు తీసేస్తాను."

"బయటంటే యాడిది?"

"బాహూరు నుంచి తెచ్చిందే."

 నెల రోజులుగా ఆ పిల్ల బాహూరు బియ్యం తింటోంది. ఆ చెరువు నీళ్ళ బియ్యం, ఆ మందు కొట్టిన బియ్యం. అదే తిని ఇంకా కండ పట్టింది, అదే తిని నవ్వుతోంది.

"తీయవద్దు నాయనా. నీ చేతులు పట్టుకుంటాను."

"అబద్ధం అమ్మా అది."

"ఆ అబద్ధమే దాని ప్రాణం."

ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేటట్టు చెప్పాలంటే అంతా చెప్పాలి. చెప్పాను. గూడు, సీసా, వాన, కేక, రంగమ్మాళ్ మాట, డాక్టరు మాట, ఒక్కటీ వదలకుండా చెప్పాను. చెబుతుంటే వంటింటి గుమ్మంలో కనగం కనిపించింది. ఎంతసేపటి నుంచి నిలబడిందో, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. దేవరాజన్ భార్య వైపు చూసి, "సరేమ్మా, తై దాకా ఉంచుతాను" అన్నాడు.

ఇంటికి నడుస్తూ నేను చాలా రోజుల తరవాత ధైర్యంగా ఉన్నాను. ఇంకొక మనిషి తోడు దొరికిందనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని!

మర్నాడు మేము పోయి కూర్చోగానే కనగం గరిటె చప్పుడు లేకుండా వచ్చింది. వరసలో ముందున్న వాళ్ళను వదిలేసి గిరిజ ఆకు దగ్గరికే ముందు వచ్చింది. ఒక అప్పళం బదులు రెండు పెట్టింది. ఆకు మూల నీళ్ళ చుక్క ఉంటే తన చెంగుతో తుడిచింది.  చెయ్యి ఊపి వద్దని చెప్పబోయాను.

అప్పటికే గిరిజ అడిగింది. "మందుండాదా?"

"లేదు కన్ను" అంది కనగం. "నువ్వు తిను."

కన్ను అని తమిళంలో బిడ్డలను ముద్దుగా పిలుస్తారు. ఐదు నెలల్లో ఆ మనిషి నోట ఆ పిలుపు ఎవరూ వినలేదు.  కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

గిరిజ ఆమె ముఖంలోకి చూసింది.  తరవాత నా వైపు తిరిగింది.

"ఈమెకు చెప్పినావా?"

నేను చూపు నా ఆకు మీదికి దించుకున్నాను. 

"నా కన్నూ, నిజంగా లేదు, నా బిడ్డల మీద ఒట్టు" అంటోంది కనగం. అన్న కొద్దీ గిరిజ ముఖం మూసుకుపోతోంది. ముట్టుకోని అన్నంతో సహా ఆకును, చావు భోజనంలో మడిచినట్టు, తనకు అవతలి వైపుకు మడిచి లేచింది. ఎదురు వరసలో బడిపంతులమ్మ తినడం ఆపి చూసింది. మేస్త్రీ, "ఏమ్మా, అన్నంలో ఏమైనా ఉందా?" అని అడిగాడు. కనగం అతనికి జవాబు చెప్పకుండా లోపలికి పోయింది.

ఆ తరవాత పదకొండు రోజులు గిరిజ మజ్జిగ నీళ్ళ మీద ఉంది. మరో హోటలుకు తీసుకుపోయాను. అక్కడ వడ్డించేవాడిని ముందే పిలిచి, అడిగితే లేదని చెప్పు నాయనా అన్నాను. గిరిజ ఆకు ముందు కూర్చోనే లేదు. నా ముఖం చూసి, "వాడితో కూడా మాట్లాడినావు కదా" అని బయటికి వచ్చేసింది. నిజమే, నా ముఖం దాచుకోవడం నాకు రాదు. సత్తిరాజు కొబ్బరిబొండాలు తెచ్చి, "చెట్టుకు ఎవడూ మందు కొట్టడండి అమ్మాయిగారూ, ఎక్కలేక" అన్నాడు. ఆమె నవ్వలేదు. రెండు గుక్కలు తాగింది.

పన్నెండో రోజు ఉదయం రెండు చీరలు సంచిలో పెట్టుకుని నిలబడింది.

"యాడికే?"

"బాహూరుకు."

"ఆమె నిన్ను గడప తొక్కనిస్తాదా? ఏంది నీ పిచ్చి?"

"తొక్కనీకుంటే తిరిగొస్తాను."

సంచి లాక్కున్నాను. ఇవ్వలేదు. ఆమె చేతిలో బలం లేదు, కానీ ఇవ్వలేదు. ఒంటరిగా పంపలేక నేనూ బస్సెక్కాను. దారి పొడుగునా ఆమె తల కిటికీ చువ్వకు కొట్టుకుంటూనే ఉంది. నా భుజం మీద వాల్చుకోమన్నా వాల్చుకోలేదు.

రంగమ్మాళ్ తిన్నె మీద కూర్చుని చేటలో మినుములు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట ఆపింది. ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఎందుకొచ్చినావు?"

"అన్నం పెడతావని, అత్తా" అంది గిరిజ.

నేను మధ్యలో కలగజేసుకుని, "వదినా, పిల్ల ప్రాణం పోతా ఉండాది" అన్నాను. రంగమ్మాళ్ నా మాట విననట్టే ఉంది. గిరిజను కింది నుంచి పైకి చూసింది. చేట పక్కన పెట్టి లోపలికి పోయింది. తలుపు తెరిచే ఉంది. లోపల గోడకు గూడు ఉన్నచోట ఇటుకలు పెట్టి మూసేశారు. దాని మీద ఇంకా సున్నం వేయలేదు.

ఆమె ఒక సత్తు పళ్ళెంలో చద్దన్నం, మజ్జిగ, ఒక పచ్చిమిరపకాయ తెచ్చి తిన్నె మీద చప్పుడయ్యేటట్టు పెట్టింది.

గిరిజ పళ్ళెం ముందు కూర్చుంది. "మందుండాదా అత్తా?"

 లేదని చెప్పు తల్లీ అని మనసులో దండాలు పెడుతున్నాను.

"ఉండాది" అంది రంగమ్మాళ్. "ఈ పంటకు మూడుసార్లు కొట్టించినాను. కొట్టకుంటే పురుగు తినదా? నేనూ అదే తింటున్నాను. తింటే తిను, చస్తే చావు."

గిరిజ అన్నం పిసికి నోట్లో పెట్టుకుంది. నేను పెరటి వైపు చూశాను, ఇప్పుడే లేచి పరుగెత్తుతుందని. లేవలేదు. నమిలింది, మింగింది. మిరపకాయ కొరికింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చెయ్యి ఆగలేదు. పళ్ళెం ఖాళీ అయ్యాక అత్త వైపు చూసింది. రంగమ్మాళ్ లోపలికి పోయి ఇంకో గరిటె తెచ్చి వేసింది.

"నువ్వు తింటావా వదినా?" అని నన్ను అడిగింది.

వద్దన్నాను. నాకు గొంతు దిగదని తెలుసు.

సాయంత్రం బస్సుకు గిరిజ చెరువు కట్ట దాకా వచ్చి నిలబడింది. ఆమెను వెనక్కి రమ్మని అడిగే ధైర్యం నాకు లేదు. "ఆమె రోజూ తిట్టి పెడతాదే" అన్నాను.

"పెట్టనీ. ఆమె ఉండేది ఉండేటట్టు చెప్తాది."

"నిన్ను హంతకురాలంటాది."

"అంటాది" అంది గిరిజ. చెరువు వైపు చూస్తూ, "ఊరంతా లేదు లేదని చెప్తే ఇంకా భయంగా ఉండాది పెద్దమ్మా" అంది.

"నెలకోసారి వచ్చి చూసి పోతాను."

 బస్సు మలుపులో కనిపించింది. నా చెయ్యి పట్టుకుని, మెల్లగా, "రావద్దు" అంది. "నువ్వొస్తే నేను తింటున్నానా లేదా అని నా నోటి వంకే చూస్తావు. నువ్వు చూస్తే నాకు ముద్ద దిగదు."

బస్సు ఆగింది. కండక్టరు విజిల్ వేశాడు. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని తిరిగి చూసేసరికి ఆమె అప్పటికే కట్ట దిగి పోతోంది. అత్త పెరట్లో పశువులకు గడ్డి వేసే వేళైంది.

ఇది జరిగి ఐదేళ్ళయింది. నేను బాహూరు పోలేదు. అక్కడి నుంచి బజారుకు వచ్చేవాళ్ళు మా మరిది కొట్లో సామాను కట్టించుకుంటారు. గిరిజ ఉందా అని అడుగుతాను. ఉందంటారు. ఎట్లా ఉందని మాత్రం అడగను.